‘వీధి మీద కళ్ళు’ భావన: విమర్శనాత్మక పరిశీలన

జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ గ్రంథంలోని ప్రధాన భావనలను గత విభాగంలో మీరు తెలుసుకున్నారు. వాటిలో తరచుగా వినిపించేది ‘వీధి మీద కళ్ళు’. వీధికి రక్షణ కల్పించేది ముఖ్యంగా పోలీసులు కాదనీ, అక్కడ నివసించేవారూ దుకాణదారులూ తమ పనులు చేసుకుంటూనే వేసే చూపు అనీ ఆమె వాదించింది. న్యూయార్క్‌ హడ్సన్ స్ట్రీట్‌లో తన ఇంటి ముందు చూసినవే ఆమెకు ఆధారం. అక్కడి ఇళ్ళ ముందరి మెట్లను మన అరుగులతో పోల్చుకోండి. అరుగు మీద కూర్చున్న మనిషి కాపలా కోసం కూర్చోడు. అయినా వీధిలోకి ఎవరొచ్చారో అతనికి తెలుస్తుంది.

అదే నగరంలో ఇటీవల రెండు వివాదాలు నడిచాయి. ఈ భావన వాటి విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

మొదటిది ఎయిర్‌బీఎన్‌బీ వంటి వేదికల ద్వారా ఇచ్చే స్వల్పకాలిక అద్దెల వివాదం. 2022 నాటి ‘లోకల్ లా 18’ను 2023 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్నారు. 30 రోజులకన్నా తక్కువ కాలానికి ఇల్లు అద్దెకిచ్చేవారు నగర పాలక యంత్రాంగం వద్ద నమోదు చేసుకోవాలి. అతిథులున్నన్నాళ్ళూ తామూ ఆ వాటాలోనే ఉండాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. జేకబ్స్ మాటే చట్టమైందని మీకు అనిపించవచ్చు. తొందరపడకండి. చట్టాన్ని సమర్థించినవారి ప్రధాన వాదన ఇళ్ళ కొరత, పెరిగే అద్దెలు. పైగా కొత్తవాళ్ళంటే జేకబ్స్‌కు భయం లేదు. తన వీధిలోని వైట్ హార్స్ బారుకు వచ్చే కొత్తవాళ్ళ వల్లే అర్ధరాత్రి దాటాక కూడా సందడి ఉండేదని ఆమె రాసింది. అతిథి రావడం కాదు, ఇంటివారు లేకపోవడమే ఆమె దృష్టిలో లోటు. రెండు వాటాల ఇంట్లో ఒకదానిలో తాముంటూ రెండోది అద్దెకివ్వాలనుకునే యజమానులకు మినహాయింపు కావాలన్న డిమాండు ఇక్కడ గమనించదగినది. చట్టం ప్రకారం వారు ఆ వాటాలో లేనట్టే. జేకబ్స్ కొలతతో చూస్తే అరుగు మీదే ఉన్నారు! ఈ అంశంలో చట్టంకన్నా ఆమె భావనే సూక్ష్మమైనదని చెప్పాలి.

రెండో వివాదం సబ్‌వేలో భద్రత గురించినది. 1904లో మొదలైన ఈ రైలు వ్యవస్థలో 472 స్టేషన్లున్నాయి, రాత్రంతా నడుస్తుంది. 2024 మార్చిలో గవర్నర్ కాథీ హోకల్ ప్రయాణికుల సంచులు తనిఖీ చేయడానికి 750 మంది నేషనల్ గార్డ్ సైనికులను దించారు. రైలు పెట్టెలో కళ్ళకు కొదువ లేదు, కాని ఆ స్థలం నాది అనుకునేవారు ఎవరూ ఉండరు. పది నిమిషాల్లో అందరూ దిగిపోతారు. మెట్ల దగ్గర నిలబడ్డ సైనికుడూ అక్కడికి కొత్తవాడే. 2023లో బూత్‌ల నుంచి బయటికి తెచ్చిన స్టేషన్ ఏజెంట్లే జేకబ్స్ చెప్పిన దుకాణదారుకు కొంత దగ్గరగా వస్తారు.

అసలు లోపం మరొకటి. చూసేవారు ఎవరు, చూపు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నను, ముఖ్యంగా జాతి వివక్షను, జేకబ్స్ తగినంతగా చర్చించలేదు. 2023 మే నెలలో సబ్‌వే పెట్టెలో కేకలు వేస్తున్న ఒక నిరాశ్రయ నల్లజాతి యువకుడి మెడ చుట్టూ తోటి ప్రయాణికుడు చేయి బిగించి పట్టుకోగా ఆ యువకుడు మరణించాడు. ఆ ప్రయాణికుణ్ణి 2024 డిసెంబరులో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. అతను తోటివారిని కాపాడాడని కొందరు, నిస్సహాయుణ్ణి చంపాడని కొందరు నగరమంతా వాదులాడుకున్నారు. ఆ పెట్టెలో కళ్ళు లేక కాదు. ఒకరు ఫోన్‌లో వీడియో కూడా తీశారు.

గ్రంథంలోని రెండో అధ్యాయాన్ని ఇప్పుడు మరోసారి చదవండి. ‘అపరిచితుడు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా, అతను ఎవరికి అపరిచితుడో పక్కన రాసుకోండి.