ఓవెన్ అక్కర్లేని క్రిస్మస్ తీపి

డిసెంబరు 25 మధ్యాహ్నం ఇటలీ ఇళ్లలో ఓవెన్‌కి ఊపిరి సలపదు. ఒక ఇంట్లో లసాన్యా, ఇంకో ఇంట్లో కడుపులో మసాలా కూరి కాల్చిన కోడి, దాని చుట్టూ బంగాళాదుంపలు. బొలోన్యా వైపు పొయ్యి మీద తొర్తెల్లీనీ పాస్తా కోసం మాంసపు చారు మరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం మొదలైన భోజనం పొద్దు వాలేదాకా సాగుతుంది. ఇంతమంది చుట్టాల మధ్య తీపి కోసం మళ్లీ ఓవెన్ దగ్గర నిలబడే ఓపిక ఎవరికుంటుంది? అందుకే చాలా ఇళ్లలో ఆ పని ముందురోజు రాత్రే తెమిలిపోతుంది. ఫ్రిజ్‌లో మూతపెట్టిన ఒక ట్రే ఉంటుంది. అందులో ఉన్నది తిరమిసు.

తిరమిసులాగా స్పూనుతో తినే మెత్తటి తీపి వంటకాలని ఇటలీవాళ్లు ఒక జాతిగా చూస్తారు. మీగడని జెలటిన్‌తో గట్టిపరిచే పీడ్‌మాంట్ పనాకోటా ఆ జాతిదే. స్పాంజి ముక్కల్ని ఎర్రటి ఆల్కెర్మెస్ మద్యంలో తడిపి కస్టర్డ్‌తో పేర్చే జుప్పా ఇంగ్లేజే కూడా అదే. ఇటాలియన్ ఇంటి వంటకి పెద్ద దిక్కనదగ్గ పెల్లెగ్రీనో అర్తూజీ 1891లో వేసిన పుస్తకంలో జుప్పా ఇంగ్లేజే ఉంది, తిరమిసు లేదు. ఉండే అవకాశమూ లేదు. ఎందుకంటే ఇది ఫ్రిజ్ ఇంటింటికీ వచ్చాక నిలదొక్కుకున్న వంటకం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ ఆర్థికంగా లేచి నిలబడిన కాలంలోనే మధ్యతరగతి వంటిళ్లలోకి ఫ్రిజ్ వచ్చింది. రాత్రంతా చల్లగా ఉంచడమే ఈ వంటలో అసలు ఘట్టం కాబట్టి, అంతకు ముందు దీనికి చోటు లేదు.

పుట్టిల్లు ఏదన్న విషయంలో మాత్రం పేచీ ఉంది. ఎక్కువమంది చెప్పేది వెనిస్‌కి ఉత్తరాన ఉన్న త్రెవీజో పట్నం మాట. అక్కడి లే బెక్కెరీయె అనే రెస్టరెంటు 1972లో దీన్ని మెనూలో చేర్చింది. యజమాని అదో కాంపెయోల్ భార్య ఆల్బా, వాళ్ల దగ్గర తీపి వంటలు చేసే రొబెర్తో లింగ్వనొత్తో కలిసి దీనికి రూపం ఇచ్చారన్నది త్రెవీజో వాదన. పక్కనే ఉన్న ఫ్రియూలీ ప్రాంతం దీన్ని ఒప్పుకోదు. తొల్మెజ్జోలోని ఒక హోటల్లో 1950లలోనే ఇది వడ్డించారని వాళ్లంటారు. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ తిరమిసుని ఫ్రియూలీ సంప్రదాయ వంటకాల జాబితాలో చేర్చేసరికి త్రెవీజోవాళ్లు భగ్గుమన్నారు. అదే ఏడాది త్రెవీజోలో తిరమిసు ప్రపంచకప్ పోటీ కూడా మొదలైంది. అందులో పాల్గొనేది హోటల్ వంటవాళ్లు కాదు, ఇళ్లలో వండుకునేవాళ్లే.

ఎవరిది ముందైనా, దీని వేరు మాత్రం పాత పల్లెటూరి అలవాటులోనే ఉంది. త్రెవీజో ఉన్న వెనెతో ప్రాంతంలో కోడిగుడ్డు పచ్చసొనని చక్కెరతో తెల్లబడేదాకా గిలక్కొట్టి గిన్నెలో పెట్టి ఇచ్చేవాళ్లు. దాన్ని స్బతుదీన్ అంటారు. జబ్బుపడి లేచినవాళ్లకి, బాలింతలకి, ఎదిగే పిల్లలకి అది బలం. ఆ పచ్చసొన నురగకి మస్కార్పోనే అనే చిక్కటి మీగడ చీజ్, కాఫీ, బిస్కెట్లు తోడైతే తిరమిసు అయింది.

2010లో త్రెవీజో వంటవిధానాన్ని నోటరీ సమక్షంలో రాయించి, ఇటాలియన్ పాకశాస్త్ర అకాడమీకి అప్పగించారు. పచ్చసొనలు 12, చక్కెర అరకిలో, మస్కార్పోనే కిలో, సవొయార్దీ బిస్కెట్లు 60, తగినంత కాఫీ, కోకో పొడి. అంతే. మీగడ లేదు, తెల్లసొన లేదు, మద్యం లేదు. ఇంట్లో పండగకి ఇందులో సగం చేసుకుంటే పదిమందికి సరిపోతుంది. చక్కెర మాత్రం ఈ రోజుల్లో చాలామంది సగానికి సగం తగ్గిస్తున్నారు. తీపి ఎక్కువైతే కాఫీ చేదు నాలుకకి అందదు.

పదార్థాలు ఆరే కాబట్టి దేన్నీ దేనిచాటునా దాచలేం. అందుకని ఒక్కో మెట్టు దగ్గరా కాస్త నిలబడి చూడాలి.

మొదటిది పచ్చసొన. చక్కెర వేసి గిలక్కొడుతుంటే ముదురు నారింజ రంగు పోయి పసుపు, పసుపు పోయి దంతపు తెలుపు వస్తుంది. చేత్తో అయితే పది నిమిషాలు దాటుతుంది, బీటర్‌తో అయితే ఐదు చాలు. ఎక్కడ ఆపాలో రంగు సగమే చెబుతుంది. బీటర్ పైకెత్తి చూడాలి. జారే సొన రిబ్బనులా మడతలు పడుతూ దిగి, ఆ మడతలు గిన్నెలో మూడు నాలుగు క్షణాలు చెదరకుండా నిలిస్తే అయినట్టు. వేళ్ల మధ్య రాస్తే చక్కెర గరగర తగలకూడదు. ఈ దశలో లోపలికి చేరిన గాలే రేపు క్రీముకి తేలికదనం ఇస్తుంది. తర్వాత పచ్చసొనలోకి దాన్ని చేర్చే దారి లేదు.

పచ్చి గుడ్డు అనగానే సాల్మొనెల్లా భయం వస్తుంది, రావాలి కూడా. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో పచ్చసొనని వేడి చేయకుండా వాడకూడదు. దానికి దారి ఉంది. సలసల మరిగే నీళ్లగిన్నె మీద మరో గిన్నె పెట్టి, సొన, చక్కెర అందులో వేసి, చెయ్యి ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లాలి. థర్మామీటరు చూసుకుంటూ చేస్తే సొన విరగదు. వంట వృత్తిలో ఉన్నవాళ్లు ఇంకో పద్ధతి పాటిస్తారు. చక్కెర పాకాన్ని 121 డిగ్రీలకి తెచ్చి, తిరుగుతున్న సొనలోకి సన్నటి ధారగా పోస్తారు. ఏ పద్ధతిలో చేసినా తర్వాత పూర్తిగా చల్లారేదాకా గిలక్కొడుతూనే ఉండాలి. వేడి సొనలో మస్కార్పోనే వేస్తే కరిగి నీళ్లవుతుంది.

రెండోది మస్కార్పోనే. దీన్ని చీజ్ అంటారు గానీ, చీజ్ చేసే ఎంజైమ్ ఇందులో పడదు. లంబార్డీలోని లోదీ పరిసరాల్లో పుట్టిందిది. మీగడని 85 నుంచి 90 డిగ్రీల దాకా కాచి, కొంచెం ఆమ్లం కలిపి, గుడ్డలో వడగడతారు. నీరు దిగిపోయి కొవ్వు చిక్కబడుతుంది. త్వరగా పాడయ్యే సరుకు కావడంతో పూర్వం చలికాలంలోనే చేసేవాళ్లు. క్రిస్మస్ బల్లతో దీని చుట్టరికం ఆ విధంగా పాతదే.

ఇందులో కొవ్వు చాలా ఎక్కువ కాబట్టి గట్టిగా, ఎక్కువసేపు గిలక్కొడితే పలుకులు పలుకులుగా విడిపోతుంది. పెరుగు చిలికే ఇంట్లో పెరిగినవాళ్లకి దీని కారణం చెప్పక్కర్లేదు: కవ్వం కింద వెన్న పడినట్టే ఇక్కడా కొవ్వు వేరైపోతుంది. కాకపోతే అక్కడ అది కావాలి, ఇక్కడ అది నష్టం. అందుకని మస్కార్పోనే ముందుగా విడిగా గరిటెతో మెత్తగా కలిపి, సొన నురగలోకి రెండు మూడు గరిటెల చొప్పున వేస్తూ, గిన్నె అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. గీతలు కనిపించకుండా పోగానే చెయ్యి ఆపాలి. చాలా ఇటాలియన్ ఇళ్లలో ఈ చోట తెల్లసొన నురగ కూడా కలుపుతారు. క్రీము ఇంకా తేలికవుతుంది. త్రెవీజోవాళ్లు దాన్ని అసలుది కాదంటారు, అయినా ఇళ్లలో మానరు.

మూడోది బిస్కెట్లని ముంచడం. వంట చెడేది ఎక్కువగా ఇక్కడే. సవొయార్దీ వేళ్ల ఆకారంలో ఉండే పొడి స్పాంజి బిస్కెట్లు. తెల్లసొనని నురగ కట్టించి చేస్తారు కాబట్టి లోపలంతా చిన్న చిన్న గాలి గదులు. నీళ్లు తగలగానే పీల్చేస్తాయి. కాఫీ చిక్కగా, చక్కెర లేకుండా, చల్లారి ఉండాలి. ఇటలీ ఇళ్లలో దానికి మోకా కెటిల్ వాడతారు. అల్ఫోన్సో బియలెత్తి 1933లో తెచ్చిన ఆ అల్యూమినియం కెటిల్ లేని వంటిల్లు అక్కడ అరుదు. కాఫీని వెడల్పు పళ్లెంలో పోసి, బిస్కెట్‌ని ఒక పక్క ఆనించి, రెండో పక్కకి తిప్పి, వెంటనే తీసేయాలి. ఒక్కో పక్కకి ఒక క్షణం. మొదటి బిస్కెట్‌ని ముంచి మధ్యకి విరిచి చూస్తే లెక్క తెలుస్తుంది: అంచులు గోధుమరంగు, నడిమధ్యన ఇంకా పొడిగా సన్నటి తెల్లటి గీత. ఆ గీత రాత్రికి దానంతటదే తడుస్తుంది. ముంచినప్పుడే పూర్తిగా తడిస్తే తెల్లారేసరికి ట్రే అడుగున కాఫీ నిలుస్తుంది.

తర్వాత పేర్చడం. బిస్కెట్ల వరస, దాని మీద క్రీము, మళ్లీ బిస్కెట్లు, మళ్లీ క్రీము. రెండు అంతస్తులు చాలు. మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం ఆరు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. ఆ గంటల్లో మస్కార్పోనే కొవ్వు చల్లబడి గట్టిపడుతుంది, క్రీములో ఉన్న కొంత తేమ బిస్కెట్లలోకి దిగుతుంది, కాఫీ వాసన క్రీముకి పడుతుంది. విడివిడిగా ఉన్న పొరలు కత్తి దించితే కలిసి తెగే ఒకే ముక్కగా మారేది అప్పుడే. కోకో మాత్రం వడ్డించే ముందు, సన్నటి జల్లెడతో చల్లాలి. రాత్రే చల్లితే తేమ పీల్చి నల్లటి తడి చర్మంలా అతుక్కుంటుంది. తీపి కలిపిన చాకొలేట్ పొడి వద్దు. చేదు కోకోనే ఈ తీపికి హద్దు గీసేది.

ఇక అచ్చంగా క్రిస్మస్ రూపం ఒకటుంది. వెరోనా నగరపు పండగ రొట్టె పందోరో, 1894లో దొమెనికో మెలెగత్తి పేటెంటు తీసుకున్నది. ఎనిమిది మొనల నక్షత్రం ఆకారంలో ఎత్తుగా, వెన్నతో పసుపుగా ఉంటుంది. పెట్టెలోనే చక్కెర పొడి పొట్లం వస్తుంది. దాన్ని రొట్టె ఉన్న సంచిలో పోసి, మూతి బిగించి ఊపితే నక్షత్రం అంతా తెల్లబడుతుంది. ఆ ఊపే పని పిల్లలదే. తిరమిసు చేయాలంటే చక్కెర పొడి చల్లకముందే ఈ రొట్టెని అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల మందాన బిళ్లలుగా కోసి, కాఫీని బ్రష్‌తో అద్దుతారు. బిస్కెట్‌లా పొడిగా ఉండదు కాబట్టి ముంచితే చిదురైపోతుంది. ప్రతి బిళ్ల మీదా మస్కార్పోనే క్రీము పూసి, పై బిళ్లని కొంచెం తిప్పి పెడతారు, కింది మొనల మధ్యకి పై మొనలు వచ్చేలా. అడుగున పెద్దది, పైకి పోనుపోను చిన్నది. క్రిస్మస్ చెట్టు తయారు. పైన చక్కెర పొడి చల్లితే మంచు కూడా కురిసినట్టే. పండగ అయ్యాక మిగిలిన పందోరో, మిలాన్ పండగ రొట్టె పనెత్తోనే ముక్కలూ ఇలాగే ట్రేల్లో పొరలవుతాయి.

మన ఇళ్లలో తిరమిసు చేయాలనుకునేవాళ్లకి ఓవెన్ లేకపోవడం అడ్డం కాదు. ఫిల్టర్ డికాక్షన్ భేషుగ్గా పనికొస్తుంది, చికోరీ లేని పొడి అయితే. చికోరీ వేసిన డికాక్షన్ జిగటగా ఉంటుంది, దాని చేదు కోకో చేదుతో పోట్లాడుతుంది. మస్కార్పోనే ఖరీదనిపిస్తే ఇంట్లో చేసుకోవచ్చు. అయితే డబ్బాల్లో దొరికే మామూలు ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతం దగ్గర ఆగుతుంది, అది చిక్కబడదు. 35 శాతం దాటిన పాల మీగడ కావాలి. అరలీటరు మీగడని 85 డిగ్రీలకి కాచి, ఒక పెద్ద చెంచా నిమ్మరసం వేసి, ఐదు నిమిషాలు కలిపి, చల్లార్చి, పలుచటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వడగట్టాలి. గుడ్డు తినని ఇళ్లలో సొన బదులు గిలక్కొట్టిన మీగడ వాడుతున్నారు. రుచిగానే ఉంటుంది కానీ స్బతుదీన్ వారసత్వం అందులో ఉండదు. ఆ ఇళ్లవాళ్లు బిస్కెట్ల అట్ట మీద రాసిందీ చదువుకోవాలి, సవొయార్దీలోనూ గుడ్డు ఉంటుంది.

మద్యం సంగతి ఇంటివాళ్ల ఇష్టం. చాలామంది కాఫీలో కాస్త మర్సాలా వైనో రమ్మో కలుపుతారు. త్రెవీజో విధానంలో అది లేకపోవడం వల్ల తిరమిసు చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఒకే ట్రేలోంచి తినే తీపి అయింది. చుట్టాలంతా చేరే పండగకి అదే సరైన పద్ధతి. మిగిలితే రెండు రోజుల్లో తినేయాలి, అదీ ఫ్రిజ్‌లో పెట్టి.

తేలిక వంటకమని దీనికి పేరు. చేతిపని నిజంగానే ముప్పావుగంటకి మించదు. ఆ ముప్పావుగంటలో సొన ఎప్పుడు చాలు, కలపడం ఎప్పుడు ఆపాలి, బిస్కెట్ ఎప్పుడు తీయాలి అన్న మూడు ప్రశ్నలకి కన్ను జవాబు చెప్పాలి. మిగతాది రాత్రికి వదిలేయొచ్చు. పండగ పూట ఆతిథ్యం ఇచ్చేవాళ్లు తరచూ వంటింట్లోనే ఉండిపోతారు, చివరి వంటకం వచ్చేసరికి అలసిపోయి ఉంటారు. తిరమిసు చేసిన ఇంట్లో ఆ వేళకి మిగిలేది జల్లెడ పట్టుకుని కోకో చల్లడం ఒక్కటే. అంటే వండిన మనిషికి కూడా బల్ల దగ్గర కుర్చీ దొరుకుతుంది. విందుకి ఏం చేయాలని ఆలోచించేవాళ్లు రుచితో పాటు ఆ కుర్చీని కూడా లెక్కలోకి తీసుకుంటే మంచిది.