కోపం వచ్చిన చోటే మార్పు: జాతి దురభిప్రాయాన్ని నిలదీయడంపై ఒక పరిశీలన

రాబిన్ డిఏంజలో రాసిన 'వైట్ ఫ్రజిలిటీ' 2018లో వెలువడింది. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. రచయిత్రి శ్వేతజాతీయురాలు, జాతి వివక్ష గురించి ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం ఆమె వృత్తి. జాతి విషయంలో చేసిన తప్పును ఎత్తిచూపితే శ్వేతజాతీయులు కోపగించుకుంటారనీ, వాదిస్తారనీ, మౌనం వహిస్తారనీ, లేకుంటే లేచి వెళ్ళిపోతారనీ, ఈ పెళుసుదనమే వారి ఆధిక్యానికి కంచెగా నిలుస్తోందనీ ఆమె సిద్ధాంతం.

పరిశీలన వరకూ ఇది నిజమే. చిక్కంతా దానినుంచి తీసిన నిర్ధారణలో ఉంది. ఆరోపణను ఒప్పుకుంటే అది రుజువైనట్టు. కాదంటే పెళుసుదనం బయటపడినట్టు, కాబట్టి అప్పుడూ రుజువైనట్టే. నోరు మెదపకపోయినా అంతే. ఏ ఫలితం వచ్చినా రోగం ఉందనే తేల్చే పరీక్షను వైద్యశాస్త్రం పరీక్షగా లెక్కించదు. అంతకన్నా ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. ఎదుటివారి కోపాన్ని ఈ పుస్తకం ప్రధానంగా మార్పుకు అడ్డంకిగా చూస్తుంది. ప్రయోగాలు చెప్పేది అంత సూటిగా లేదు.

ఈ ప్రయోగాలలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది చాప్, మాంటీత్, మార్క్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించినది. శ్వేతజాతి విద్యార్థులకు కొన్ని ఫోటోలు, ఒక్కొక్కదానికి ఒక వాక్యం చూపి, ఆ మనిషి ఎవరో ఊహించమన్నారు. నల్లజాతి వ్యక్తి ఫోటో కింద 'ఇతను బార్ల వెనుక కనిపిస్తాడు' అని ఉంటుంది. ఇంగ్లీషులో బార్ అంటే జైలు ఊచా అవుతుంది, మద్యం అమ్మే చోటి బల్లా అవుతుంది. చాలామంది మనసు ఊచల వైపే పోయింది: 'నేరస్థుడు' అన్నారు. అప్పుడు కంప్యూటరులో అవతలివైపు ఉన్నాడనుకున్న భాగస్వామి ఆ జవాబును తప్పుపడతాడు. కొందరికి 'అందరినీ న్యాయంగా చూడాలి కదా' అన్న ధోరణిలో మెత్తగా చెప్పారు. కొందరిని జాతిద్వేషి అంటూ కటువుగా నిలదీశారు. కటువుగా విన్నవారికి కోపం ఎక్కువ వచ్చింది, నిలదీసిన మనిషి నచ్చలేదు. అయితే తరువాతి ఫోటోల దగ్గర రెండు గుంపులవారూ మూస జవాబులు తగ్గించారు. చెప్పినవాడి మీద కోపమూ, తమ మీద తమకు కలిగిన అసంతృప్తీ ఒకే మనసులో పక్కపక్కనే ఉన్నాయి. 2018లో చేనీ, సాంచెజ్ ఇటువంటి నిలదీత ప్రభావం వారం తరువాత కూడా నిలిచినట్టు చూపారు. తప్పు చేశానన్న భావంతో జరిగినదాన్ని నెమరువేసుకోవడమే అందుకు కారణమని వారి వివరణ. 'నా మాటకు అతనికి కోపం వచ్చింది, ఇక లాభం లేదు' అనుకోవడం తొందరపాటన్నమాట.

మరి ఆ కోపం ఎవరి నెత్తిన పడుతుంది? కైజర్, మిల్లర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో ఒక నల్లజాతి విద్యార్థి పరీక్ష తప్పి, అందుకు వివక్షే కారణమంటాడు. పేపర్లు దిద్దినవారందరికీ వివక్ష ఉన్నదని పాఠకులకు ముందే స్పష్టంగా చెప్పిన సందర్భంలో కూడా, వారు ఆ విద్యార్థిని ఫిర్యాదుకోరుగానే లెక్కగట్టారు. నిజం చెప్పడం అతనికి రక్షణ కాలేదు. 2010లో రసిన్‌స్కీ, చాప్ చేసిన అధ్యయనంలో ఒకే అభ్యంతరాన్ని శ్వేతజాతి వ్యక్తి చెబితే ఒప్పించేలా, నల్లజాతి వ్యక్తి చెబితే మర్యాద తప్పినట్టుగా శ్వేతజాతి ప్రేక్షకులకు తోచింది. దెబ్బ తిన్నవాడి మాటకే విలువ తక్కువ. ఈ లెక్కన డిఏంజలో శ్వేతజాతీయురాలిగా శ్వేతజాతీయులతో మాట్లాడటం ఆమె పుస్తకంలోని బలమైన అంశం. సిద్ధాంతం కన్నా ఆమె నిలబడిన చోటు సరైనది.

అయితే ఆ చోట నిలబడగలవారు నిజంగా నోరు విప్పుతారా? కెనడాలో కవాకామి బృందం 2009లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోదగినది. గదిలోంచి వెళుతూ ఒక నల్లజాతి యువకుడు మరొకరి మోకాలికి కాస్త తగులుతాడు. అతను బయటికి వెళ్ళగానే మోకాలికి దెబ్బ తగిలిన శ్వేతజాతి వ్యక్తి జాతిని తిడుతూ ఒక మాట అంటాడు. ఈ దృశ్యాన్ని వర్ణించి అడిగితే, తాము ఎంతో కలత చెందుతామనీ, ఆ మనిషిని తదుపరి పనికి భాగస్వామిగా ఎంచుకోబోమనీ చాలామంది చెప్పారు. గదిలో నిజంగా కూర్చున్నవారు పెద్దగా చలించలేదు. అతనితో జతకట్టడానికి అభ్యంతరమూ చూపలేదు.

డిఏంజలో పుస్తకానికి తెల్లవారూ నల్లవారూ తప్ప మూడో కోణం అంతగా పట్టదు. అమెరికాలోని తెలుగువారు ఉన్నది ఆ మూడో కోణంలోనే. ఆఫీసులో తమ యాసను వెక్కిరించిన మాటకు సోమవారం నుంచి శుక్రవారం దాకా కుమిలిపోయి, శనివారం విందులో హిందీనుంచి తెచ్చుకున్న 'కల్లు' అనే మాటను నల్లజాతివారికి వాడేవారు వీరిలో ఉన్నారు. 1964 నాటి పౌరహక్కుల చట్టం తరువాతి ఏడాదే, అదే ఉద్యమ వాతావరణంలో వచ్చిన వలస చట్టం వల్ల తమకు ఈ దేశపు తలుపులు తెరుచుకున్నాయన్న సంగతి ఆ భోజనాల బల్ల దగ్గర ఎవరికీ గుర్తు రాదు. ఇల్లు ఎక్కడ కొనాలన్న చర్చలో 'అక్కడ వాళ్ళు ఎక్కువండీ' అన్న మాట దొర్లిపోతుంది. అభ్యంతరం చెప్పగల నల్లజాతి మనిషి ఆ గదిలో ఉండడు. ఉంటే ఆ మాట రాదు. మిగిలింది పప్పు వడ్డించుకుంటున్న మరో తెలుగు మనిషి. అన్నది వయసులో పెద్దవారు, పైగా విందు వారి ఇంట్లో. నలుగురిలో వారి పరువు తీయడం మన మర్యాదకు సరిపడదు. కవాకామి ప్రయోగంలోని గది అంటే ఇదే.

చాప్ ప్రయోగంలోని మెత్తని అభ్యంతరానికి తెలుగులో సాటి మాట ఎప్పటినుంచో ఉంది: "అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా బాబాయ్?" బాబాయి ముఖం మాడుతుంది. పిన్ని గబగబా పెరుగు గిన్నె జరిపి సినిమా మాట ఎత్తుతుంది. వచ్చే నెల విందుకు పిలుపు ఆలస్యం కావచ్చు. ఆ విందులో ఇళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు బాబాయి ఒక క్షణం ఆగి, స్కూళ్ళ గురించి మాత్రమే మాట్లాడవచ్చు కూడా.