పర్యాయమా, పొరుగుపదమా? – కోలాచల మల్లినాథుని వ్యాఖ్యానపద్ధతి వెలుగులో గణనాత్మక పదసాదృశ్య విమర్శ

వ్యాససంగ్రహం:

పదాల మధ్య అర్థసామ్యాన్ని యంత్రం ద్వారా గుర్తించే పద్ధతులు తెలుగు నిఘంటు నిర్మాణంలోకి, భాషాపరిశోధనలోకి ప్రవేశించాయి. ఈ పద్ధతులు కొలిచేది పర్యాయత్వాన్నా, పదాల సాహచర్యాన్నా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. మెదక్ ప్రాంతంలోని కుల్చారంతో ముడిపడిన వ్యాఖ్యాత మల్లినాథసూరి పద్ధతి, ఆలంకారికుల పర్యాయవిచారం ఆధారంగా కోశమార్గం, వితరణమార్గం అనే రెండింటి బలాలను, పరిమితులను ఇది పరిశీలిస్తుంది. తెలుగుకు తగిన పరీక్షాసామగ్రి ఎలా ఉండాలో సూచిస్తుంది.

కీలకపదాలు: పర్యాయపదం, పదసాదృశ్యం, మల్లినాథసూరి, అమరకోశం, వర్డ్‌నెట్, పదసదిశలు, మాండలికం.

1. ప్రవేశిక:

కాళిదాస, భారవి, మాఘ, శ్రీహర్షుల కావ్యాలకు ప్రామాణిక వ్యాఖ్యానాలు రచించిన మల్లినాథుని ఇంటిపేరు కోలాచల. ఆ ఇంటిపేరుకు మూలమైన ఊరు నేటి మెదక్ జిల్లాలోని కుల్చారమని పండితుల అభిప్రాయం. సంజీవని, ఘంటాపథం, సర్వంకష, జీవాతువు అనే ఆయన వ్యాఖ్యానాలు శతాబ్దాలుగా సంస్కృత విద్యార్థికి తొలి ఆసరాగా నిలిచాయి. వాటిలో పుటపుటకూ కనిపించేది ఒక పదానికి మరొక పదాన్ని చెప్పి, ఆ చెప్పినదానికి కోశప్రమాణం చూపడం. నేడు గణనభాషాశాస్త్రం చేయబూనినది కూడా స్థూలంగా ఇదే: ఒక పదం ఇస్తే దానికి సమానమైన పదాన్ని చూపడం. పని ఒకటే అయినా ప్రమాణం ఒకటి కాదు. ఆ తేడాను గుర్తించకపోతే యంత్రం ఇచ్చిన జాబితా నిఘంటువుగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది.

2. మల్లినాథుని పద్ధతి – అన్వయం, కోశం:

ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ, అన్నింటినీ అన్వయముఖంగానే వ్యాఖ్యానిస్తాననీ మల్లినాథుడు ముందుగానే ప్రతిజ్ఞ చేశాడు. ఇందులో రెండు అంగాలున్నాయి. మొదటిది అన్వయం, అంటే వాక్యంలో ఆ పదానికి ఇతర పదాలతో ఉన్న సంబంధం. రెండవది కోశం, అమరుడు, యాదవుడు, హలాయుధుడు వంటి నిఘంటుకారుల వాక్యం. కోశం సాధ్యమైన అర్థాలను ఇస్తే, అన్వయం వాటిలో ఒకదాన్ని నిర్ణయిస్తుంది.

రఘువంశం మూడవ సర్గలో దిలీపుని యాగాశ్వాన్ని అపహరించిన ఇంద్రుని ఘట్టం దీనికి మంచి నిదర్శనం. అక్కడ ఒకే శ్లోకంలో ‘హరి’ శబ్దం రెండుసార్లు వస్తుంది. ఒకచోట అది ఇంద్రుణ్ణి, మరొకచోట అతని గుర్రాల వర్ణాన్ని చెబుతుంది. కోశం చూస్తే విష్ణువు, సింహం, కోతి, సూర్యుడు మొదలైన అర్థాలు కూడా ఉన్నాయి. పదాన్ని విడిగా నిలబెట్టి దాని పర్యాయమేమిటని అడిగితే సమాధానం లేదు. వాక్యంలో నిలబెట్టి అడిగితేనే ఉంది.

3. కోశమార్గం – వర్డ్‌నెట్:

గణనపద్ధతుల్లో మొదటిది కోశాన్ని ఆశ్రయించేది. 1985లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ నాయకత్వాన మొదలైన ఆంగ్ల వర్డ్‌నెట్ ఒకే భావాన్ని చెప్పే పదాలను ఒక పర్యాయగణంగా కూర్చి, ఆ గణాలను జాతి–ఉపజాతి, అంగ–అంగి సంబంధాలతో కలిపింది. రెండు పదాల మధ్య ఈ వలలో ఎంత దూరముందో లెక్కించడం ఒక కొలత. వాటి ఉమ్మడి జాతిపదం ఎంత నిర్దిష్టమైనదో చూడడం మరొకటి. 1995లో ఫిలిప్ రెస్నిక్ ప్రతిపాదించిన కొలత ఈ కోవలోనిది.

ఈ ఆలోచన భారతీయులకు కొత్తది కాదు. అమరకోశం పదాలను స్వర్గ, భూమి, వనౌషధి, సింహాది వర్గాలుగా కూర్చింది. నానార్థాలకు ప్రత్యేక వర్గం కేటాయించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో శివజా నాయర్, అంబా కులకర్ణి 2010లో వెలువరించిన పరిశోధన అమరకోశంలో అంతర్లీనంగా ఉన్న ఇలాంటి సంబంధాలను వెలికితీసి, యంత్రం చదవగలిగే వలగా మలచింది. కోశాన్ని వరుస జాబితాగా కాక జ్ఞాననిర్మాణంగా చూడడం ఆ కృషిలోని విశేషం.

తెలుగు వర్డ్‌నెట్ భారతీయ భాషల ఉమ్మడి పథకమైన ఇండోవర్డ్‌నెట్‌లో భాగం. ఆ పథకం హిందీ వర్డ్‌నెట్‌లోని భావాలను ఆధారం చేసుకుని ఇతర భాషలకు విస్తరించింది. ఈ విస్తరణ వల్ల భాషల మధ్య అనుసంధానం సులభమైంది. అనువాదానికి అది పెద్ద మేలు. అయితే ఏ భావాలకు గణం ఉండాలన్న నిర్ణయం మరొక భాషలో జరిగింది. తెలుగులోని బంధువాచకాలు, సేద్యపు మాటలు, చేతివృత్తుల పరిభాష ఆ చట్రంలో ఇమిడినంతవరకే చోటు పొందుతాయి. 1962లో వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం పల్లెల నుంచి పదాలను సేకరించి భావాల వైపు నడిచింది. విస్తరణ పద్ధతి భావాల నుంచి పదాల వైపు నడుస్తుంది. ఈ రెండు నడకలూ కలిస్తే తప్ప తెలుగు పర్యాయసంపద పూర్తిగా నమోదు కాదు.

4. వితరణమార్గం – పదసదిశలు:

రెండవ మార్గం కోశాన్ని వదిలి ప్రయోగాన్ని ఆశ్రయిస్తుంది. ఒకే రకమైన పరిసరాల్లో వచ్చే పదాలకు అర్థంలో పోలిక ఉంటుందన్న సూత్రం 1954లో జెల్లిగ్ హారిస్ రచనలోనూ, 1957లో జె.ఆర్. ఫర్త్ రచనలోనూ కనిపిస్తుంది. 1997లో లాండవర్, డ్యుమే ఈ సూత్రంపై ఆధారపడిన పద్ధతిని విదేశీ విద్యార్థుల ఆంగ్ల పరీక్షలోని 80 పర్యాయపద ప్రశ్నలపై ప్రయోగించగా 64.4 శాతం సరైన సమాధానాలు వచ్చాయి. ఆ పరీక్ష రాసిన విద్యార్థుల సగటు కూడా దాదాపు అంతే. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ ప్రతి పదాన్ని కొన్ని వందల సంఖ్యల వరుసగా, అంటే సదిశగా మార్చింది. రెండు సదిశల మధ్య కోణం ఎంత తక్కువైతే పదాలు అంత సన్నిహితమని లెక్క.

ఇక్కడే విమర్శ అవసరమవుతుంది. పరిసరసామ్యం అర్థసామ్యానికి గుర్తు కావచ్చు, అర్థసామ్యమే కాదు. ‘ధర పెరిగింది’, ‘ధర తగ్గింది’ అనే వాక్యాల్లో రెండు క్రియల పరిసరం ఒకటే. అందువల్ల వ్యతిరేకార్థకాలు కూడా ఈ లెక్కలో దగ్గరివిగా తేలడం ఈ పద్ధతికి తెలిసిన దోషం. ‘నాగలి’, ‘ఎద్దు’ ఒకే సందర్భంలో వస్తాయి. అవి సహచరాలే గాని పర్యాయాలు కావు.

దీనికి విపర్యయం మాండలికాల్లో కనిపిస్తుంది. తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశనగలు, రాయలసీమలో బుడ్డలు ఒకే గింజకు పేర్లు. నిఘంటుకారుడు వీటిని నిస్సందేహంగా ఒకచోట చేరుస్తాడు. కాని ‘వేరుశనగ’ మార్కెట్ వార్తల్లో క్వింటాళ్ల పక్కన, మద్దతు ధర పక్కన వస్తుంది. ‘పల్లీ’ చట్నీ పక్కన, పట్టీ పక్కన వస్తుంది. ‘బుడ్డలు’ అచ్చులోకి రావడమే అరుదు. వస్తువు ఒకటే అయినా పరిసరాలు వేరు కాబట్టి యంత్రానికి ఇవి వేర్వేరు పదార్థాలుగా తోచే అవకాశం ఉంది. అచ్చుభాషలో ఏ ప్రాంతపు మాట ఎక్కువగా ఉంటే ఆ మాట కేంద్రమవుతుంది. మిగిలినవి అంచుకు జరుగుతాయి. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం వంటి సేకరణలు పూనుకుని సరిదిద్దిన అసమానతే సంఖ్యల రూపంలో తిరిగి వస్తుంది.

5. రూపం, లిపి:

తెలుగు పదం ప్రత్యయాలతో పెరుగుతుంది. ‘ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇండ్లు, ఇళ్లు’ యంత్రానికి ఐదు పదాలు. ఈ చిక్కు తీర్చడానికి పదాన్ని చిన్న అక్షరశకలాలుగా విడగొట్టే ఫాస్ట్‌టెక్స్ట్ పద్ధతి వచ్చింది. 2018లో తెలుగు సహా 157 భాషలకు ఈ పద్ధతిలో 300 సంఖ్యల సదిశలు విడుదలయ్యాయి. వాటిలో శకలం పొడవు ఐదు సంకేతాలు. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు. మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. అంటే ఐదు సంకేతాల శకలం ఆ అక్షరాన్ని మధ్యలోనే నరుకుతుంది. రోమన్ లిపికి సహజమైన కొలత తెలుగు అక్షరానికి సరిపోదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

నానార్థసమస్య మరొకటి. ఒక పదానికి ఒకే సదిశ ఉన్నప్పుడు ‘చెప్పు’ అనే క్రియ, కాలి ‘చెప్పు’ ఒకే బిందువులో కలిసిపోతాయి. 2018లో వచ్చిన బెర్ట్, ఆ తరువాత భారతీయ భాషల కోసం రూపొందిన మ్యూరిల్ వంటి నమూనాలు వాక్యాన్ని బట్టి సదిశను మారుస్తాయి. మల్లినాథుడు అన్వయముఖంగా అన్నదానికి ఇది సాంకేతికంగా చేరువైన అడుగు. అయితే ఆయన చూపిన ప్రమాణం ఇక్కడ లేదు. ఈ పదానికి ఈ అర్థం ఎందుకని అడిగితే కోశవాక్యం కాని, ప్రయోగం కాని నమూనా చూపదు. ఒక సంఖ్యను మాత్రమే చూపుతుంది.

6. కొలబద్ద:

పద్ధతి మంచిచెడ్డలు తేల్చేది పరీక్షాసామగ్రి. 2017లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తెలుగుతో కలిపి ఆరు భారతీయ భాషలకు పదసాదృశ్య జాబితాలను ప్రకటించారు. ఆంగ్లంలోని జాబితాలను అనువదించి, మాతృభాషీయుల చేత మళ్లీ అంకెలు వేయించడం వారి పద్ధతి. అంతవరకు ఆధారమే లేనిచోట అది అవసరమైన తొలి మెట్టు. అయినా మూలాల్లో ఒకటైన వర్డ్‌సిమ్-353 సాదృశ్యాన్ని, సాహచర్యాన్ని వేరుచేయదు. అందులో ‘పులి–పిల్లి’ జంట ఉంది. ‘మారడోనా–ఫుట్‌బాల్’ జంట కూడా ఉంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2015లో ఆంగ్లానికి సిమ్‌లెక్స్-999 రూపొందింది. పైగా అనువాద జాబితా తెలుగుకు ప్రత్యేకమైన తత్సమ–దేశ్య జంటలను గాని, ప్రాంతీయ పర్యాయాలను గాని పరీక్షించదు.

7. పరివృత్తి పరీక్ష:

భారతీయ అలంకారశాస్త్రంలో ఇంతకన్నా నిశితమైన కొలబద్ద ఉంది. పదాన్ని తీసి పర్యాయం పెట్టినా నిలిచేది అర్థాలంకారం, నిలవనిది శబ్దాలంకారం అని మమ్మటాదులు విభజించారు. కుంతకుడు పర్యాయవక్రత అనే భేదాన్నే చెప్పాడు. కుమారసంభవం ఐదవ సర్గలో మారువేషంలోని శివుడు పార్వతి ముందు తననే నిందించుకుంటూ ‘కపాలి’ అంటాడు. అక్కడ ‘పినాకి’ అంటే వ్యక్తి మారడు, నింద మాయమవుతుంది. కోశంలో శివనామాలన్నీ ఒకే వరుసలో ఉన్నా కావ్యంలో ఒకదాని చోటు మరొకటి తీసుకోలేదు.

ఈ వివేకం కావ్యానికే పరిమితం కాదు. నీరు, జలం, ఉదకం ఒకటే అయినా ‘మంచినీళ్లు’ అనేచోట ‘మంచి ఉదకం’ అనరు. కాబట్టి తెలుగు పరీక్షాసామగ్రి విడి జంటలతో కాక వాక్యాలతో ఏర్పడాలి. ఒక పదాన్ని తీసి మరొకటి పెట్టినప్పుడు అర్థం నిలిచిందా, ఔచిత్యం నిలిచిందా అనే రెండు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. తత్సమ–దేశ్య జంటలు, ప్రాంతీయ పర్యాయాలు, వ్యతిరేకార్థకాలు, కేవల సహచరాలు అనే నాలుగు తరగతులూ అందులో ఉండాలి. అంకెలు వేసేవారు ఒకే ప్రాంతానికి చెందినవారు కాకూడదు.

8. ఉపసంహారం:

గణనపద్ధతులు లక్షల వాక్యాలను జల్లెడపట్టి మనిషి కంటికి అందని సామ్యాలను చూపగలవు. ఆ శక్తిని కాదనడం పరిశోధన కాదు. అవి ఇచ్చేది పర్యాయానికి అభ్యర్థుల జాబితా, నిర్ణయం కాదు. ఒక జంటను పర్యాయమని నమోదు చేసేటప్పుడు దానికి ప్రయోగం, కోశం, ప్రాంతం అనే మూడు ఆధారాలనూ జతచేయడం నిఘంటుకారుని బాధ్యత. ఆధారం లేనిది రాయనన్న మల్లినాథుని నియమం తాళపత్రానికి ఎంత అవసరమో, దత్తాంశానికీ అంతే అవసరం. అది పాటించినప్పుడే పల్లీ, బుడ్డ వంటి మాటలు వేరుశనగ పక్కన సమాన హోదాతో నిలుస్తాయి.