రాజా, దా

మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో పొద్దున 7:30కి ఇంకా చల్లగానే ఉంటుంది. బెర్నామ్ నది వైపు నుంచి గాలి, కాళ్ల కింద తడి గడ్డి. కుక్కల శిక్షణ తరగతికి వచ్చినవి ఏడు కుక్కలు, ఏడు కుటుంబాలు. మా రాజా ఎస్టేటులో పుట్టిన నాటు కుక్క. మిగతావాటిలో రెండు పూడుల్స్, ఒక పెద్ద జర్మన్ షెపర్డ్. ఇరవై నిమిషాలు గడిచినా ట్రైనరావిడ ఒక్క కుక్కనీ ముట్టుకోలేదు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలా అని మైదానమంతా తిరుగుతూనే ఉన్నారు.

షెపర్డ్ మిగతా కుక్కల్ని చూసి గొంతు చించుకుంటోంది. ఆవిడ గద్దించలేదు. దాని ముక్కు దగ్గర ఉడికించిన కోడిముక్క పెట్టారు. అది మూతి తిప్పేసుకుంది. వెంటనే కుక్కనీ యజమానినీ పక్కన ఆగి ఉన్న వ్యాను చాటుకి పంపించారు. అక్కడ అదే ముక్కని గుటుక్కున మింగింది. ఇష్టమైన తిండే వద్దనుకునేంత కంగారులో ఉన్న కుక్కకి మన మాట చెవికెక్కదు. తిండి తినగలిగేంత దూరం దొరికితేనే పాఠం మొదలవుతుంది. ఆ దూరాన్ని ఆవిడ కోడిముక్కతో కొలిచారన్నమాట. ఆ తర్వాత కాసేపటికోసారి మూడేసి అడుగులు ముందుకు జరిపించారు. తొమ్మిదయ్యేసరికి ఆ షెపర్డ్ మా రాజాకి పదడుగుల దూరంలో కడుపు నేలకి ఆనించి పడుకుని ఉంది. ఒక కుక్కకి నేర్పడం ఒక ఎత్తు, ఏడు కుక్కల మధ్య ఖాళీని ఇలా గంటన్నర పాటు సర్దుతూ నేర్పడం మరో ఎత్తు.

కూర్చోబెట్టడం నాకు వచ్చనే అనుకున్నాను. ముక్కని కుక్క మూతి దగ్గర పెట్టి పైకెత్తాను, రాజా ఎగిరి అందుకోబోయాడు. ఆవిడ వచ్చి నా మణికట్టుని ఒక్క అంగుళం కిందికి దించి, వెనక్కి జరిపారు. ముక్కు చేతి వెంటే పైకి లేచింది, తల వెనక్కి వాలింది, నడుం దానంతటదే కిందికి దిగింది. పిరుదులు గడ్డికి తగిలిన క్షణంలోనే "యెస్" అన్నారు. ఆవిడ చెయ్యి అప్పటికింకా సంచీలోకి వెళ్లలేదు. నేను చేసినప్పుడు ముందు సంచీలో తడుముకుని, తర్వాత మెచ్చుకున్నాను. ఈలోగా రాజా లేచి నిలబడ్డాడు. అంటే నేను బహుమతి ఇచ్చింది నిలబడ్డందుకు! ఆ తేడా ఒక సెకను కూడా ఉండదు. పనితనమంతా అందులోనే ఉంది.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1910లో జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ కుక్కల శిక్షణ మీద పుస్తకం రాసినప్పుడు పని ఎక్కువగా బలవంతం మీదే నడిచేది. 1940ల్లో అమెరికాలో మనస్తత్వవేత్త స్కిన్నర్ శిష్యులైన బ్రెలాండ్ దంపతులు, సరైన క్షణాన్ని ఒక శబ్దంతో గుర్తు పెట్టి ఆ తర్వాత తిండి ఇచ్చే దారి పట్టారు. గాల్లోకి ఎగిరిన డాల్ఫిన్‌కి అదే క్షణంలో చేప అందించలేం, ఈల వెయ్యగలం. హవాయిలో డాల్ఫిన్లకి అలా నేర్పిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం ఆ ఈలని ఎందరో కుక్కల యజమానులకి చేరవేసింది. ఆ ఈలే ఇక్కడ "యెస్" అయింది.

అయితే నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఆవిడ చెవి. ఆవిడకి తెలుగు రాదు. మాతో మలాయ్, ఇంగ్లిష్ కలిపి మాట్లాడారు. ఇంట్లో ఎవరెలా పిలుస్తారో పిలవమన్నారు. నేను "రా" అన్నాను, మా అబ్బాయి "కమ్" అన్నాడు. మరోసారి పిలవమని, కళ్లు మూసుకుని విన్నారు.

"రమ్మనడానికి మీ మాట 'రా', దీని పేరు 'రాజా'. కోప్పడేటప్పుడు కూడా పేరు పెట్టే పిలుస్తారు కదా? పాపం, అది రోజంతా మీ దగ్గరికి వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ బహుమతి దొరకట్లేదు."

మూడేళ్లుగా రాజాని మొండివాడనుకున్నాం. మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన భాషలో మాకు వినపడనిది, ఆ భాష తెలియని మనిషికి వినపడింది. రమ్మనడానికి మలాయ్ మాట 'మరి' వాడమన్నారు. మాకు 'మరి' లేకుండా వాక్యం నడవదని చెబితే సరేనని మా అమ్మ వైపు తిరిగారు. "ఆంటీ, మీరేమంటారు?" అమ్మ మెల్లిగా "దా" అంది. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలు తెచ్చుకున్న మాట. పొట్టిది, గట్టిది, పేరుతో కలవనిది. ఇంటిల్లిపాదీ ఇక అదే అనాలని తేల్చారు.

మిగిలిన సమయమంతా ఒకే అభ్యాసం: మనిషి పక్కనుంచి వెళుతుంటే కుక్క కదలకుండా ఉండటం. మా వీధిలో మలాయ్ ఇళ్లున్నాయి. కుక్క ఎంగిలి తగిలితే ఇక్కడి ముస్లింలు ఆ చోటుని ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టి కలిపి కడుక్కోవాలి. మన కుక్క ఎంత ప్రేమగా మీదికెళ్లినా వాళ్లకి అది కష్టమే. ఆవిడ సామాన్ల సంచీ పట్టుకుని పదే పదే మా ముందు నుంచి నడిచారు. తాడు బిగుసుకుంటే ఆపేవారు. వదులుగా వేలాడుతున్నప్పుడు రాజా ఆవిణ్ణి చూసి మళ్లీ నన్ను చూస్తేనే ముక్క.

చివర్లో అమ్మని దూరంగా కుర్చీలో కూర్చోబెట్టారు. రాజా పట్టీకి పొడుగు తాడు కట్టి, రెండో కొస తన చేతిలో ఉంచుకున్నారు. అమ్మ ఒక్కసారి "రాజా, దా" అంది. రెండోసారి అనబోతుంటే ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకున్నారు. రాజా షెపర్డ్ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, పరిగెత్తాడు. ట్రైనర్ కన్నా ముందే అమ్మ "యెస్" అంది.

అప్పటికి ఎండ ముదిరింది. ఆవిడ వంగి, చెయ్యి వెనక భాగాన్ని తారు రోడ్డు మీద ఆనించి చూసుకున్నారు. తరగతికి ఇంకా పది నిమిషాలున్నా, కుక్కల పాదాలు కాలతాయని చెప్పి అందర్నీ గడ్డి మీదుగానే వెళ్లమన్నారు.