రెపో రేటూ, ఇంద్రేశం మిత్తీ

రిజర్వు బ్యాంకుకు అంబేడ్కరే మూలపురుషుడని ఏటా ఏప్రిల్‌లో మనవాళ్లు వేదికలెక్కి గర్వంగా చెప్తారు. 1923లో రూపాయి సమస్య మీద ఆయన రాసిన పుస్తకంలో ఏముందో మాత్రం ఎవరూ ఎత్తరు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, ఆ తేడా యజమాని జేబులోకి పోతుంది - 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన వాదన సారం ఇదే. కాబట్టి ద్రవ్యోల్బణం డబ్బున్నోళ్ల గొడవ అని కొట్టిపారేసే వామపక్ష మిత్రులతో నాకు పేచీ ఉంది. అయితే అసలు పేచీ రిజర్వు బ్యాంకుతోనే. ఎవరి ధరలు కొలిచి ఎవరి మీద వడ్డీ పెంచుతున్నది?

2016లో చట్టం సవరించి ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉంచాలని, రెండు అటూ ఇటూ కావచ్చని దానికి గురి పెట్టారు. కొలబద్ద వినియోగదారుల ధరల సూచీ. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన ఆ సూచీలో పల్లెలకు ఇంటి కిరాయి లెక్కే లేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పక్కనున్న ఇంద్రేశం నిన్నమొన్నటి దాకా గ్రామపంచాయతీ. అక్కడ ఒంటి గదిలో ఉండే కాంట్రాక్టు కూలీకి కిరాయి ఎంత పెరిగినా ఢిల్లీ లెక్కలో పైసా పెరగలేదన్నమాట. ఊరంటే సొంతిల్లున్నవాళ్లదే అనుకునే ఈ చూపు ఎవరిదో మనకు ఒకరు చెప్పాలా?

ఇక వడ్డీ. 2022 మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వు మొదలుపెట్టి 2023 జూలైకల్లా తన రేటును సున్నా దగ్గర నుంచి 5.25-5.50కి ఎక్కించింది. డాలర్లు అటు మళ్లినయి, రూపాయి పడింది, దిగుమతుల ధర పెరిగింది. ఇక్కడ రెపో 2022 మేలో 4 శాతం నుంచి కదిలి 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఈ రెండున్నర శాతాన్ని మన మిత్తి భాషలోకి మారిస్తే నూటికి నెలకు 21 పైసలు. నూటికి మూడు రూపాయలు, అంటే ఏడాదికి 36 శాతం తీసేవాడికి ఈ 21 పైసలు చెవికి కూడా ఆనవు.

ఆనేది గ్రూపు అప్పుల ఆడవాళ్లకు. ఉమ్మడి రాష్ట్రంలో ఆత్మహత్యలు, 2010 అక్టోబరు ఆర్డినెన్సు తర్వాత, 2011లో మైక్రోఫైనాన్స్ అప్పులకు 26 శాతం హద్దు వచ్చింది. సూత్రం మారినా ఏదో ఒక హద్దు ఉండింది. 2022 మార్చిలో, సరిగ్గా ప్రపంచమంతా వడ్డీలు ఎక్కే వేళ, రిజర్వు బ్యాంకు దాన్ని ఎత్తేసింది. అధిక వడ్డీ వద్దని ఒక మాట అని, రేటు కంపెనీ బోర్డులకే వదిలింది. బ్యాంకుల దగ్గర కంపెనీ తెచ్చే అప్పు ప్రియమైతే ఆ భారం ఎటు దిగుతుందో చూడండి.

2025లో రెపో దిగింది, డిసెంబరుకు 5.25. బ్యాంకుల ఫ్లోటింగ్ ఇంటి అప్పులు 2019 అక్టోబరు నుంచి ఇలాంటి బయటి రేటుకు ముడిపడాలని నియమం. జమానతు పెట్టగలిగినవాడికి అప్పు భారం తగ్గుతుంది. ఆ నియమం ఫైనాన్స్ కంపెనీలకు లేదు. భూమి కాగితం లేని మాల, మాదిగ కూలీ ఇంట్లో కిస్తీ మొదట రాసుకున్నంతే ఉంటుంది. బ్యాంకు అప్పుతో గదులు కట్టిన ఓనరుకు వడ్డీ తగ్గిందని అతడేమీ కిరాయి తగ్గించడు.