ఏ ఇంటి గజలక్ష్మి?

ఇడుపులపాయలోని మా యింటి నడవలో, పడమటి గోడ కానించి, మూరెడు పొడవు గల టేకుపలక యొకటి యున్నది. నడుమ పద్మాసనస్థయైన లక్ష్మి, ఇరువైపుల తొండములెత్తి అభిషేకించు ఏనుగులు. ఎడమవైపు దానికి చెవి విరిగినది. వేంపల్లె దాపున నొక పాత మిద్దెను పడగొట్టునాడు, దాని ద్వారబంధము తక్కిన కట్టెలతోపాటు పొయ్యి పాలు కానున్నదని విని, పరుగున పోయి కొని తెచ్చితిని. పలకను బండి కెత్తుచుండగా ఆ యింటి అవ్వ వచ్చి, లక్ష్మి పాదముల నంటియున్న పసుపును కొనవ్రేల తాకి, "ఏ ఇంటిదో రాసి పెట్టుకో నాయనా, ఊరికే బొమ్మ అనుకోవాకు" అన్నది. నాటివరకు సేకరణమన నాకు కంటికి నచ్చినదానిని సంపాదించుటయే. ఆ రాత్రియే పలక వెనుకతట్టున ఊరిపేరు, ఇంటిపేరు, తేదీ వ్రాసి అంటించితిని.

హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియమునకు పోయినపుడెల్ల నా కా మాటయే జ్ఞప్తికి వచ్చును. 1949లో పరమపదించిన మూడవ సాలార్ జంగ్ జీవితమంతయు కూర్చిన దేశదేశాల కళాసంపద, ఆయన పెద్దలు కొన్నవానితో కలిసి, 1951 డిసెంబరు 16న ప్రజలకు ప్రదర్శనశాలయై తెరువబడినది. అందు బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా యెదుట నిలిచినవారు, పాలరాతి ముసుగు చాటున ముఖము కానవచ్చు వైనమునకు ఊపిరి బిగబట్టి చూతురు. మొదటి సాలార్ జంగ్ దానిని 1876లో రోమున కొనెను. కావున ఆ శిల్పమునకు కర్త కలడు, ఊరు కలదు, ప్రయాణము కలదు. ఒకే మ్రానున ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక నద్దమున ప్రతిఫలించు మార్గరెట్టాను మలచిన ఫ్రెంచి శిల్పి పేరు మాత్రము మనకు దక్కలేదు. అంతటి హస్తమునకు పేరు లేకుండుట నాకు నేటికిని బాధయే.

పేరు పోవుట యొక యెత్తు, చోటు పోవుట యొక యెత్తు. ప్రకాశం జిల్లా చందవరపు బౌద్ధక్షేత్రమునుండి అపహృతమైన బుద్ధారాధకుల శిలాఫలకము ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలకు చేరి, 2016లో గాని మన దేశమునకు మరలి రాలేదు. నూరేండ్లు దాటిన రాతిశిల్పము నమోదు కావలెనని 1972 నాటి పురావస్తు చట్టము చెప్పుచున్నది. నమోదు చేయువాడు అడుగువానిలో, ఎక్కడిదన్నదియు నొకటి.

కొన్నాళ్ల క్రిందట జమ్మలమడుగు వైపునుండి ఒకడు గోనెపట్టాలో చుట్టి యొక శిల్పఖండము తెచ్చెను. నర్తకి పాదము, చీరకుచ్చెళ్లు, మువ్వలవరుస, ఎత్తిన మడమ. ఎక్కడిదన్న చెప్పడాయె. కడప ప్రభుత్వ మ్యూజియమున అప్పగింపుమంటిని. మాటాడక గోనె చుట్టుకొని పోయెను. ఆ మువ్వలు ఇప్పటికిని నా కన్నులయందు మెదలుచున్నవి. ఏ మండపపు స్తంభమున ఆ నర్తకి ఒంటికాలిపై మిగిలియున్నదో!