మా కథ ఎవరిని అడిగి రాశారు?

చరిత్ర పుస్తకాల్లో మాకు దొరికిన వేషాలు రెండే. ఒకటి నవాబు, రెండోది రజాకారు. దూదేకుల పీరమ్మ, బీడీలు చుట్టే బీబీ, సైకిల్ షాపు సాయిబు ఎక్కడా కనపడరు. అందుకే మా మీద పరిశోధన అనగానే మేం అడిగేది ఒకటే: ఎవరిని అడిగి రాశారు?

కవి అఫ్సర్ ఇంగ్లీషులో రాసిన రెండు పుస్తకాలు ఈ ప్రశ్నకు నిలబడతాయి. 2013లో వచ్చిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీరు గురించి. అక్కడ మొహర్రానికి హిందువులూ ముస్లింలూ ఒకే అగ్నిగుండం దగ్గర చేరతారు. ఆ కొద్ది రోజులూ ఫకీరు నియమం పాటిస్తారు. మతసామరస్యమని ఫొటో తీసుకుని వెళ్లిపోలేదు అఫ్సర్. పీర్లను ఎత్తడం ఇస్లామేనా అని ముస్లింల మధ్యే నడిచే వాదాన్నీ వినిపించారు.

మావాడు రాశాడని మెచ్చుకుని ఊరుకోలేం. పుస్తకం మూశాక మాకో ప్రశ్న మిగులుతుంది. పీరుకు మొక్కినవాళ్లంతా పీరును మోసే సాయిబుకు ఇల్లు అద్దెకిస్తారా? భక్తిని పంచుకోవడం వేరు, భద్రతను పంచుకోవడం వేరు. 1948 సెప్టెంబరు నాటి హైదరాబాద్ సంస్థానంలో పీర్లను ఎత్తిన ఊళ్లు లేవా? పోలీసు చర్యలోనూ, ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ఏళ్ల తరబడి బయటపెట్టలేదు.

2023లో వచ్చిన 'రీమేకింగ్ హిస్టరీ' ఆ గాయం దగ్గరికే వెళ్లింది. బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలనూ, సాహిత్యాన్నీ సాక్ష్యంగా తీసుకుంది. కాగితాలను దాచినచోట జ్ఞాపకమే దస్తావేజు. సాహిత్యం చరిత్రకు ఆధారమా అని ముక్కు విరిచే పండితులకు ఇదే జవాబు.

ఈ రెండు పుస్తకాలనూ విడివిడిగా చదవకూడదని మా వాదన. మొదటిదే చదివితే సామరస్యం తీపి కబురవుతుంది. రెండోదే చదివితే మేం శవాల లెక్కగా మిగులుతాం. కలిపి చదివితేనే పక్కింటివాడితో పండగ చేసుకుంటూ, పక్కింటివాడికి భయపడుతూ బతికిన మనుషులం కనిపిస్తాం.

ఇక మిగిలింది భాష. తెలుగులో, ఉర్దూలో చెప్పుకున్న మాటలు ఇంగ్లీషులోకి వెళ్లాయి. అవి తిరిగి మా భాషల్లోకి రావాలి, మా పిల్లల తరగతి గదుల్లో చర్చకు రావాలి. మేం పరిశోధనకు ముడిసరుకు మాత్రమే కాదు. పాఠకులం కూడా.